మిలిటరీ ట్రైలర్ కొంటున్నారా? ఎం416, ఎం101, ఎం1102, ఎం105లలో మీకు ఏది సరిపోతుంది

పోయిన వేసవిలో హ్యూస్టన్ నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, వేలంలో ఎం105 ట్రైలర్ ఒకటి చాలా చవగ్గా పోతోంది. ఇంకో గంటే టైముంది. పాడేయనా?"

"ఏ బండితో లాగుతావు?"

"నా ఎఫ్-150 పికప్ ఉందిగా."

"ఆ ట్రైలర్ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. నీ బండిలో గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అవతల కాసేపు మాట లేదు. ఆ పాట వదిలేశాడు. ఆ శనివారం మా ఇంటికి వస్తే షెడ్డులో కూర్చుని ఒక్కో రకం గురించి వివరంగా మాట్లాడుకున్నాం. ఇప్పుడు రాస్తున్నది దాదాపు ఆ మాటలే. టెక్సాస్, జార్జియా, నార్త్ కరొలైనా లాంటి చోట్ల నాలుగైదు ఎకరాలు కొనుక్కుని గోంగూర, వంకాయ, మామిడి మొక్కలు వేసుకుంటున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఎరువు మట్టి తేవాలన్నా, కంచె గుంజలు మోయాలన్నా ట్రైలర్ కావాలి. అమెరికా సైన్యం పక్కన పెట్టేసిన ట్రైలర్లు గట్టివి, చాలాసార్లు చవక కూడా. అందుకే కన్ను అటు పోతుంది.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. వేలంలో కట్టే ధర చూసి ట్రైలర్ ఎంచుకోవద్దు. దాని చక్రాలకీ బ్రేకులకీ రేపు సామాను ఎక్కడ దొరుకుతుందో చూసి ఎంచుకోండి. తొట్టి సొట్టపోతే సుత్తితో సరిచేసుకోవచ్చు. చక్రం బిగించే హబ్ లోపలి సీలు దొరక్కపోతే బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

లాగే బండి. మీ బండి ఎంత బరువు లాగగలదో మాన్యువల్లో ఉంటుంది. చాలా బళ్లకి రెండు అంకెలు ఇస్తారు, బ్రేకులున్న ట్రైలర్‌కి ఒకటి, లేనిదానికి ఒకటి. రెండోది బాగా తక్కువ ఉంటుంది. చాలామంది మొదటి అంకె చూసి ఆగిపోతారు.

మిలిటరీ ట్రైలర్ ముందు మామూలు బాల్ హిచ్ కప్పు ఉండదు. లునెట్ అనే లావుపాటి ఇనప రింగు ఉంటుంది, లోపలి కొలత 3 అంగుళాలు. దానికి మీ బండి వెనక పింటిల్ హుక్ కావాలి. మన ఊళ్లో ట్రాక్టరుకి ట్రక్కు తగిలించి పిన్ను దించుతాం కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ హుక్ దవడ మూసుకుని లాక్ పడుతుంది. పింటిల్, బాల్ రెండూ కలిసిన హుక్‌లు కూడా దొరుకుతాయి. ఒకే బండితో మామూలు ట్రైలరూ ఇదీ లాగేవాళ్లకి అవి అనుకూలం. హుక్ ఎత్తు, రింగు ఎత్తు కలవాలి. ట్రైలర్ ముక్కు పైకి లేచి ఉంటే ముందు మీద పడాల్సిన బరువు పడదు, హైవే మీద తోక ఊపుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలి.

బ్రేకు. ఈ ట్రైలర్లలో మూడు రకాలున్నాయి. కొన్నింటికి నిలిపి ఉంచడానికి హ్యాండ్ బ్రేక్ తప్ప ఇంకేమీ ఉండదు. కొన్నింటికి సర్జ్ బ్రేక్. ఎద్దుల బండి దిగుడులోకి వెళ్తే వెనకున్న బరువంతా ఎద్దుల మెడ మీదికి తోసుకొస్తుంది కదా, ఆ తోపునే వాడుకునే పద్ధతి ఇది. లాగే బండి ఆగుతుంటే ట్రైలర్ ముందుకు తోస్తుంది, ఆ తోపు మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది, చక్రాలకి బ్రేకు పడుతుంది. మీ బండి నుంచి గొట్టం గానీ కంట్రోలర్ గానీ అక్కర్లేదు. మూడోది గాలి బ్రేకు. అది లాగే ట్రక్కులోని కంప్రెసర్ మీద ఆధారపడి ఉంటుంది.

టెక్సాస్‌లో సరుకుతో కలిపి 4,500 పౌండ్లు దాటితే ట్రైలర్‌కి బ్రేకులుండాలి. వేరే రాష్ట్రాల్లో ఈ అంకె ఇంకా తక్కువ ఉండొచ్చు, మీ రాష్ట్రం రూలు కొనేముందే చూసుకోండి.

చక్రం. ఎన్ని బోల్టులు, వాటి మధ్య కొలత ఎంత, రిమ్ము ఎన్ని అంగుళాలు. ఈ మూడూ తెలిస్తే టైరు దొరుకుతుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

కాగితం. సైన్యం వదిలించుకునే సామానంతా డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీ చేతుల మీదుగా బయటికి వస్తుంది. బళ్లూ ట్రైలర్లూ ఎక్కువగా గవ్‌ప్లానెట్ వేలంలో కనిపిస్తాయి. ఒక్కో లాటు వివరాల్లో ఎస్ఎఫ్-97 ఇస్తారా, ఉత్త అమ్మకం రసీదే ఇస్తారా అని రాసి ఉంటుంది. ఎస్ఎఫ్-97 అంటే టైటిల్ తీసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్. అది లేకుండా కొంటే కొన్ని రాష్ట్రాల్లో నంబరు ప్లేటుకి కాళ్లరిగేలా తిరగాలి. కొన్ని లాట్లకి ఎండ్ యూజ్ సర్టిఫికెట్, అంటే కొన్నది దేనికి వాడతారో చెప్పే పత్రం, కూడా నింపాలి, అందులో పౌరసత్వం వివరాలు అడుగుతారు. హెచ్1బీ మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు పాట పాడకముందే ఈ సంగతి కనుక్కోండి, డబ్బు కట్టాక టెన్షన్ పడొద్దు.

## నాలుగూ పక్కపక్కన

| | ఎం416 | ఎం101ఎ1 | ఎం1102 | ఎం105ఎ2 |
|---|---|---|---|---|
| ఏ బండి వెనక తిరిగింది | ఎం151 జీపు | ఎం37 డాడ్జ్ ట్రక్కు | హమ్వీ (సైన్యం వాడే పెద్ద జీపు లాంటి బండి) | ఎం35 ట్రక్కు |
| తరగతి | పావు టన్ను | ముప్పావు టన్ను | హమ్వీ ట్రైలర్లలో బరువైన రకం | ఒకటిన్నర టన్ను |
| ఖాళీ బరువు, సుమారు | 580 పౌండ్లు | 1,350 పౌండ్లు | 1,460 పౌండ్లు | 2,650 పౌండ్లు |
| మోసే బరువు | 500 పౌండ్లు | 1,500 పౌండ్లు | 2,740 పౌండ్లు | 3,000 పౌండ్లు |
| బ్రేకు | హ్యాండ్ బ్రేక్ | హ్యాండ్ బ్రేక్ | సర్జ్ | గాలి, ఆయిల్ కలిసినది |
| టైరు | 7.00-16 | 9.00-16 | 37x12.50ఆర్16.5 | 9.00-20 |
| సామాను దొరకడం | తేలిక | మధ్యరకం | తేలిక, టైరు తప్ప | విడిభాగాలు తేలిక, వాటిని వాడుకోవడం కష్టం |

పాత ట్రైలర్లకి ఇచ్చిన పావు, ముప్పావు, ఒకటిన్నర అన్న లెక్కలు రోడ్డు లేని నేల మీద మోసే బరువులు. అమెరికా టన్ను అంటే 2,000 పౌండ్లు, మన లెక్కలో 907 కిలోలు. కాబట్టి ఎం416 మోసేది 227 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు నాలుగున్నర. ఎం101 దాదాపు 680 కిలోలు మోస్తుంది.

## ఎం416: చిన్న బండి వాళ్లకి

ఈ నాలుగింటిలో అందరికీ ముద్దొచ్చేది ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో జీపు వెనక తిరిగిన బాంటమ్ టీ-3 ట్రైలర్‌కి ఇది వారసురాలు. జీపు తొలి నమూనా చేసిన పెన్సిల్వేనియాలోని బాంటమ్ కంపెనీకి జీపుల పెద్ద ఆర్డర్లు దక్కలేదు, యుద్ధమంతా అది ట్రైలర్లు చేసింది. అప్పటి ఆకారమే కొద్ది మార్పులతో 1960ల ఎం416 దాకా నడిచింది. ఇవి నీళ్లలో తేలేలా చేసిన తొట్లు. అందుకే అడుగున నీళ్లు పోవడానికి బిరడాలుంటాయి.

కొనేముందు ఆ బిరడాల దగ్గరే ముందు చూడండి. ఆరుబయట వదిలేసిన ట్రైలర్‌లో ఆకులు పడి, వాటి కింద తేమ నిలిచి, బిరడా చుట్టూ రేకు కాగితంలా అయిపోతుంది. పైన పెయింటు నిగనిగలాడుతున్నా సరే, కింద పడుకుని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. తర్వాత చిన్న సుత్తి తీసుకుని ఫ్రేము పొడవునా తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు పట్టిన చోట శబ్దం చచ్చుగా వస్తుంది. ముందు కడ్డీ ఫ్రేముతో కలిసే చోట రెండుసార్లు తట్టండి, లాగే బలమంతా పడేది అక్కడే.

చక్రానికి 5 బోల్టులు, వాటి వలయం 5.5 అంగుళాలు. పాత సీజే జీపులన్నిటిదీ ఇదే కొలత. మన దేశంలో విల్లీస్ నుంచి వచ్చిన మహీంద్రా జీపుదీ, మారుతి జిప్సీదీ ఇదే. అందుకే దీనికి రిమ్ముల కరువు లేదు. ఈ కాలం రాంగ్లర్ ఉన్నవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. జేకే, జేఎల్ మోడళ్లది 5 అంగుళాల వలయం. జీపుకీ ట్రైలర్‌కీ ఒకే స్పేర్ టైరు వాడుకుందామనుకుంటే హబ్‌లు మార్చాలి, లేదా అడాప్టర్లు వేయాలి. నన్నడిగితే హబ్‌లు మార్చడమే మంచిది. అడాప్టర్ అంటే కనిపెట్టుకుని ఉండాల్సిన నట్లు ఇంకో వరస పెరిగినట్టే.

సుమారు 580 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల సరుకు. మొత్తం కలిపినా 1,100 దాటదు. చాలా ఎస్‌యూవీలకి బ్రేకుల్లేకుండా లాగగలిగే హద్దులోనే ఇది ఉంటుంది. మాన్యువల్లో ఆ అంకె మాత్రం చూసి తీరాలి. క్యాంపింగుకి, తోటలో మొక్కలు అటూ ఇటూ మార్చడానికి దీనికి మించింది లేదు. మట్టి తోలడానికి మాత్రం పనికిరాదు. తడి మట్టి తొట్టి నిండా పోస్తే దాని మోత ఎప్పుడో దాటిపోతుంది.

## ఎం101: చేతి పని ఇష్టమున్నవాళ్లకి

నా దగ్గరున్నది ఎం101ఎ1. అలాగని దాన్ని వెనకేసుకురాను.

ఉన్నవాటిలో బాగా సాదాసీదా ట్రైలర్ ఇది. ఇనప తొట్టి, వెనక దించే తలుపు, కమాను పట్టీలు, ఒక ఇరుసు. వెల్డింగు వచ్చిన ఎవరైనా దాదాపు ప్రతి భాగాన్నీ ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ఇబ్బందల్లా ఏమిటంటే ఎం101 అన్న పేరుతో చాలా ఏళ్లపాటు వేర్వేరు రకాలు వచ్చాయి. తొలి రకాలు ఎం37 ట్రక్కు వెనక తిరిగినవి, ఎ3 రకం హమ్వీ కోసం మార్చినది. చక్రాలూ బ్రేకులూ మధ్యలో మారిపోయాయి. అమ్మేవాళ్లు ఉత్త 'ఎం101' అని రాసి ఊరుకుంటారు. ముందు డేటా ప్లేట్ ఫొటో అడగండి. ప్లేట్ లేకపోతే చక్రం బోల్టులు లెక్కపెట్టి ఫొటో పంపమనండి.

టైర్ల సంగతి నేను అనుభవంతో చెబుతున్నాను. నాకు అమ్మినాయన టైర్లు కొత్తవేనన్నాడు. గాళ్లు లోతుగా ఉన్నాయి, నేనూ నమ్మాను. మూడో ట్రిప్పులో సెడార్ గుంజలు వేసుకుని వస్తుంటే హైవే మీద కుడి టైరు పై పొర మొత్తం ఊడి వచ్చింది. మడ్‌గార్డ్ వంగిపోయింది, లైటు వైర్లు తెగాయి. వెనక కార్లేవీ దగ్గరగా లేవు కాబట్టి సరిపోయింది. రోడ్డు పక్కన నిలబడి టైరు వైపు చూస్తే డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు 1403 అని ఉన్నాయి. అంటే 2003లో 14వ వారం. పదిహేనేళ్లు దాటిన రబ్బరు. ట్రైలర్ టైరు తిరిగి అరగదు, నిలబడి ముసలిదవుతుంది. అందుకే గాళ్ల లోతుతో పాటు ఆ నాలుగంకెలూ చదవండి. తేదీ దొరక్కపోతే రెండు కొత్త టైర్ల ఖర్చు కలిపే ధర లెక్కేసుకోండి.

తొలి రకాలకి నడుస్తుండగా పనిచేసే బ్రేకు లేదు కాబట్టి, నిండా సరుకు వేసి లాగాలనుకుంటే పాత ఇరుసు బదులు ఎలక్ట్రిక్ బ్రేకులున్న మామూలు సివిలియన్ ఇరుసు పెట్టించుకోవడం మంచి పద్ధతి. నేను అదే చేశాను. పాత ఇరుసు, హబ్‌లు తీసి గ్రీజు పూసి షెడ్డులో దాచాను. రేపెవరైనా దీన్ని అచ్చంగా సైన్యంలో ఉన్నట్టు చేయాలనుకుంటే వాళ్లకి పనికొస్తాయి.

## ఎం1101, ఎం1102: ఎక్కువమందికి నా ఓటు దీనికే

హమ్వీ వెనక నడవడానికి ఆరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌లో సిల్వర్ ఈగిల్ కంపెనీ చేసిన ట్రైలర్లు ఇవి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. సరుకుతో కలిపి ఎం1101 హద్దు 3,400 పౌండ్లు, ఎం1102 హద్దు 4,200. టెక్సాస్ లెక్కన రెండూ 4,500 లోపే, పైగా సర్జ్ బ్రేకు ఉండనే ఉంది. తొట్టి అల్యూమినియంది, తుప్పు భయం తక్కువ. సముద్రం దగ్గరా, మంచు కోసం రోడ్డు మీద ఉప్పు చల్లే ఊళ్లలోనూ తిరిగిన ట్రైలరైతే స్టీలు బోల్టు అల్యూమినియంని తాకే చోట తెల్లటి పొడి కట్టి ఉందేమో చూడండి. కొద్దిగా ఉంటే బ్రష్షుతో పోతుంది. బోల్టు చుట్టూ రేకు ఉబ్బి ఉంటే లోపల తినేసిందని అర్థం.

దీనికి అసలు తలనొప్పి రిమ్ము. హమ్వీ రిమ్ము 16.5 అంగుళాలది. ఆ సైజు టైర్లు బయటి మార్కెట్లో దాదాపు కనుమరుగయ్యాయి, మిలిటరీ సర్‌ప్లస్ టైర్ల మీదే ఆధారపడాలి. ఎవరైనా "అర అంగుళమే కదా, 16 టైరు ఎక్కించేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. 16.5 రిమ్ము అంచు వాలు వేరు. 16 టైరు దాని మీద సరిగ్గా కూర్చోదు, గాలి కొడుతుండగానే పేలి మనుషులు చనిపోయే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి. హమ్వీ చక్రం రెండు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, లోపల గాలి లేకపోయినా నడిచేలా గట్టి రబ్బరు దిమ్మ ఉంటుంది. వాల్వు కోర్ తీసేసి గాలి మొత్తం పోయిందని నిర్ధారించుకోకుండా ఆ బోల్టులు ముట్టుకోవద్దు.

మంచి మాట ఏమిటంటే దీని బోల్టులు 8, వలయం 6.5 అంగుళాలు. పాత ముప్పావు టన్ను షెవీ, డాడ్జ్, 1999కి ముందరి ఫోర్డ్ ఎఫ్-250 లాంటి పికప్‌లది ఇదే కొలత. ఆ 16 అంగుళాల రిమ్ములు తెచ్చుకుని, మధ్య రంధ్రం హబ్ మీద పడుతుందో లేదో కొలిచి, బరువుకి తగ్గ మామూలు టైర్లు వేసుకుంటే తలనొప్పి తీరినట్టే. టైరు చిన్నదైతే ట్రైలర్ ఎత్తు కొంచెం తగ్గుతుంది, మామూలు పికప్‌కి అది కూడా కలిసొస్తుంది.

సర్జ్ బ్రేకుతో ఒక చిక్కుంది. వెనక్కి పోతూ ఎత్తు ఎక్కించేటప్పుడు ట్రైలర్ ముందుకు తోసినట్టే లెక్క, బ్రేకు పట్టేయొచ్చు. మీ డ్రైవ్‌వే ఏటవాలుగా ఉంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

## ఎం105: గాలి ఉన్న ట్రక్కు ఉంటేనే

ఇనుము దండిగా ఉన్న ట్రైలర్. తొట్టి పెద్దది. వేలాల్లో చవగ్గా పోవడానికి కారణం, చాలామందికి దీన్ని లాగే బండి లేకపోవడమే. ఖాళీదే 2,650 పౌండ్లు, పైన 3,000 వేస్తే మొత్తం 5,650. బ్రేకు తప్పనిసరి. ఉన్న బ్రేకేమో గాలి వస్తేనే పట్టేది. రింగు ఎత్తు కూడా పెద్ద ట్రక్కుకి తగ్గట్టే ఉంటుంది.

దారులు రెండు. ఎలక్ట్రిక్ కరెంటుతో ఆయిల్ తోసే యాక్చుయేటర్ పెట్టి పాత వీల్ సిలిండర్లనే వాడుకోవడం ఒకటి. ఇరుసు మొత్తం మార్చడం ఇంకోటి. మొదటి దారి పట్టేవాళ్లు బ్రేక్ ఆయిల్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. సైన్యం 1980లలో సిలికాన్ రకం డాట్ 5కి మారింది. మీరు కొనే యాక్చుయేటర్‌కి సాధారణంగా డాట్ 3 పోయమంటారు. ఈ రెండూ కలవకూడదు. పైపులు, సిలిండర్లు అన్నీ విప్పి కడిగి, రబ్బర్లు కొత్తవి వేసి, అప్పుడే కొత్త ఆయిల్ పోయాలి. ఈ రెండు పనుల్లో ఏది చేసినా ట్రైలర్ ధరకి మించి ఖర్చవుతుంది.

పాత 9.00-20 రిమ్ముకి లాక్ రింగు ఉంటుంది. ఇంట్లో విప్పే పని కాదు. ఇనప బోను ఉన్న ట్రక్కు టైర్ల షాపుకి తీసుకెళ్లండి.

ఎం35 లాంటి ట్రక్కు ఇప్పటికే మీ ఇంటి ముందుంటే మాత్రం ఇన్ని మాటలూ అక్కర్లేదు. చక్రాలు, బేరింగులు, బ్రేకు సామాను చాలావరకు ఆ ట్రక్కువే సరిపోతాయి. మీకు ఇదే మంచి బేరం.

## సామాను వెతికే పద్ధతి

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, డబ్బు మిగిలేది ఈ పని దగ్గరే.

సైన్యం ప్రతి బండికీ టెక్నికల్ మాన్యువల్ వేస్తుంది. ప్రభుత్వ ప్రచురణలు కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎం416ది టీఎం 9-2330-251-14. ఎం101ది 9-2330-202-14. ఎం1101, ఎం1102 రెండిటికీ 9-2330-392-14. నంబరు చివర 'అండ్ పి' అని ఉన్న ప్రతి దొరికితే అదే తీసుకోండి, విడిభాగాల బొమ్మలూ నంబర్లూ అందులోనే ఉంటాయి. మధ్యలో ఉన్న 2330 ట్రైలర్ల తరగతి సంఖ్య.

ఆ బొమ్మల పక్కన ప్రతి భాగానికీ 13 అంకెల నేషనల్ స్టాక్ నంబరు ఉంటుంది. మొదటి నాలుగంకెలు తరగతి చెబుతాయి. 2530 అంటే బ్రేకులు, ఇరుసు, చక్రాల సామాను. 2610 టైర్లు. 3110 బేరింగులు. 6220 బండి లైట్లు. మిగతా తొమ్మిదంకెలు ఆ భాగానిదే సొంత నంబరు. సర్‌ప్లస్ షాపుల్లో, వేలాల్లో పేరుతో కాకుండా ఆ తొమ్మిదంకెలతో వెతకండి. 'ట్రైలర్ సీలు' అని వెతికితే వందలు వస్తాయి, మీక్కావలసింది అందులో ఉండకపోవచ్చు.

నా ఎం101 పాత హబ్ మొదటిసారి విప్పినప్పుడు లోపల గ్రీజు గట్టిపడి మైనంలా ఉంది. కిరసనాయిలులో నానబెట్టి గుడ్డతో తుడిస్తే బేరింగ్ బయటి రింగు మీద సన్నటి అక్షరాల్లో తయారీదారు నంబరు బయటపడింది. ఆ నంబరు కాగితం మీద రాసుకుని ట్రాక్టర్ సామాను కొట్టుకి వెళ్తే కౌంటర్ వెనకున్న పెద్దాయన ఏ బండికని కూడా అడగలేదు, అల్మరాలోంచి తీసి ఇచ్చాడు. సైన్యం బేరింగులు చాలావరకు బయట దొరికే మామూలు బేరింగులే. మిలిటరీ డబ్బాలో ఉన్నదానికి రెండింతలు పెట్టక్కర్లేదు.

రబ్బరు సామాను దగ్గర మాత్రం దీనికి తిరగేసి ఆలోచించండి. సైన్యం సీలు వేసిన పాత ప్యాకెట్ అనగానే మనసు అటు లాగుతుంది. ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన నెలా సంవత్సరం ఉంటాయి, చూడండి. 1986లో కట్టిన వీల్ సిలిండర్ రబ్బరు ఎంత భద్రంగా ఉన్నా అది ముసలి రబ్బరే. ఇనప భాగాలు పాతవి కొనండి, రబ్బరు మాత్రం కొత్తది కొనండి.

మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ అని 1976 నుంచి ఉన్న సంస్థ ఒకటుంది, మిస్సోరిలోని ఇండిపెండెన్స్‌లో దాని ఆఫీసు. దాని స్థానిక క్లబ్బులవాళ్లు పెట్టుకునే సంతల్లో ఇంటర్నెట్‌లో కనిపించని సామాను దొరుకుతుంది. పాత బాంటమ్, ఎం416 బాగుచేసేవాళ్లు అక్కడికి తప్పకుండా వెళ్లాలి.

## లైట్లు, పెయింటు

మిలిటరీ లైట్లు 24 వోల్టులవి, ప్లగ్గుకి 12 పిన్నులుంటాయి. మీ పికప్‌ది 12 వోల్టులు, 4 పిన్నులు. చూడగానే కంగారు పుడుతుంది గానీ పని చాలా తేలిక. వెనక లైటు నుంచి వచ్చే ప్రతి వైరుకీ చిన్న లోహపు బిళ్ల తొడిగి ఉంటుంది, దాని మీద అంకె కొట్టి ఉంటుంది. దుమ్ము తుడిచి టార్చి వేస్తే కనబడుతుంది. 21 మామూలు వెనక లైటు, మీ బండి గోధుమరంగు వైరుకి కలపాలి. 22-460 ఎడమ సిగ్నలూ బ్రేకూ, పసుపు వైరుకి. 22-461 కుడివైపుది, ఆకుపచ్చకి. 90 ఎర్తు, తెలుపుకి. 23, 24 చీకట్లో శత్రువుకి కనబడకుండా వెలిగే బ్లాక్‌అవుట్ లైట్లవి, వాటి చివరలు టేపు చుట్టి వదిలేయండి, కత్తిరించొద్దు. పాత బల్బు లైటైతే 12 వోల్టుల బల్బులు వేస్తే చాలు. ఎల్ఈడీ లైటైతే కొన్ని 24 వోల్టులకే పనిచేస్తాయి, వెనక రాసి ఉన్నది చదవండి.

పెయింటు చివర్లో వేయండి, కానీ గీకేముందే ఈ మాట వినండి. 1980ల నుంచి సైన్యం వాడుతున్న కార్క్ అనే రసాయన నిరోధక పెయింటు మామూలుది కాదు. దాని కింద, ఇంకా పాత ట్రైలర్ల మీద, క్రోమియం ఉన్న ప్రైమర్ ఉండొచ్చు. పొడిగా గ్రైండర్ పెడితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దండి, సరైన రెస్పిరేటర్ పెట్టుకోండి, పిల్లలు ఆడుకునే చోట చేయొద్దు. కొత్త కార్క్ పెయింటు స్ప్రే చేయాలన్న కోరిక ఉంటే మానుకోండి, అందులోని ఐసోసయనేట్ ఆవిరి బయటి నుంచి గాలి సరఫరా లేకుండా పీల్చేది కాదు. అదే రంగు మామూలు ఎనామెల్‌లో దొరుకుతుంది. పాత ఆలివ్ డ్రాబ్ కావాలంటే ఫెడరల్ స్టాండర్డ్ నంబరు 34087 చెప్పండి, హమ్వీ కాలం ఆకుపచ్చకి 34094.

## ఎవరికి ఏది

ఎస్‌యూవీ లేదా జీపు ఉండి, నెలకోసారి క్యాంపింగు, అప్పుడప్పుడూ మొక్కలు అనుకునేవాళ్లు ఎం416 తీసుకోండి. హాఫ్ టన్ పికప్ ఉండి నాలుగైదు ఎకరాల పని ఉన్నవాళ్లు ఎం1101 లేదా ఎం1102 చూడండి, రిమ్ములు మార్చే ఖర్చు ముందే కలుపుకోండి. వెల్డింగు మెషిన్ ఉండి, వారాంతాలు షెడ్డులో గడపడం ఇష్టమైనవాళ్లకి ఎం101 బాగుంటుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. అద్దె ఇంట్లో ఉండి, ట్రైలర్ పెట్టుకోవడానికి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోని వాళ్లు ఇప్పుడే కొనొద్దు. ఆరుబయట ఎవరి స్థలంలోనో వదిలిన ట్రైలర్ రెండేళ్లలో పాడవుతుంది.

మా తోడల్లుడు మూడు నెలలు ఆగి ఎస్ఎఫ్-97 ఉన్న ఎం1101 పాడుకున్నాడు. రిమ్ములు మార్చాం, బ్రేక్ ఆయిల్ మార్చాం, వైర్లు కలిపాం. మొదటి ట్రిప్పుకి నేనూ వెళ్లాను. యాభై మైళ్లయ్యాక గ్యాస్ స్టేషన్‌లో ఆపించి వీల్ నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించాం. కొత్తగా వేసిన రిమ్ము కుదురుకునేటప్పుడు నట్లు కొంచెం వదులవుతాయి. ఎడమవైపు రెండు నట్లు పావు తిప్పు తిరిగాయి. తర్వాత రెండు హబ్‌ల మీదా అరచేయి పెట్టి చూశాం. రెండూ గోరువెచ్చగా, ఒకేలా ఉన్నాయి. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ బేరింగ్ బిగుసుకుందనో బ్రేకు పట్టేసిందనో అర్థం, అక్కణ్ణుంచి ఒక్క మైలు కూడా లాగకూడదు.